గన్నవరం నుంచి శంషాబాద్: ఏజెంటు చెప్పిన అరగంట

పుణెలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు విమానంలో వెళ్లాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

గుంటూరులో మా ట్రావెల్ ఏజెంటు (పేరెందుకులెండి) గన్నవరం నుంచి శంషాబాద్‌కు ఒక కంపెనీలో, అక్కడి నుంచి పుణెకు ఇంకో కంపెనీలో విడివిడిగా టికెట్లు తీశాడు. అలా అయితే చౌకట. మధ్యలో గంటా ముప్పావు. సరిపోతుందా అంటే ఫోన్ చూపించాడు. "దూరం 264 కిలోమీటర్లే మాస్టారూ, అరగంటలో దిగిపోతారు."

లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి, దూరం తప్పని అనను. అక్షాంశ రేఖాంశాలు వేసి చూస్తే నాకూ అంతే వచ్చింది. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది, భాగిస్తే అరగంటే. కానీ టికెట్ మీద గంట పైనే ఉంటుంది. ఇక్కడ నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క అది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగే ముందు వంతు కోసం చక్కర్లు కొట్టడం అన్నీ అందులోవే. ఎనిమిదో తరగతి పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది, ఏజెంటుకు కాలేదు.

తెల్లారుజామున కారులో వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు దాటేసి గన్నవరం చేరాం. అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

విమానమే అరగంట లేటు. టికెట్లు వేరు కాబట్టి పెట్టెలు శంషాబాద్ వరకే. బెల్టు దగ్గర కాచుకుని తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ డిపార్చర్ వైపు వెళ్లి, జవానుకు ఆధార్ చూపించి లోపలికెళ్లాలి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మేం చేరేసరికి కౌంటర్ మూసేశారు. గంట ముందే మూస్తారట.

"ఇంకా యాభై నిమిషాలుంది కదమ్మా" అన్నాను.

"సిస్టమ్ క్లోజ్ అయింది అంకుల్. మీ మొదటి ఫ్లైట్ వేరే పీఎన్ఆర్, దాంతో మాకు సంబంధం లేదు" అంది ఆ అమ్మాయి, తలెత్తకుండానే.

బతిమాలాను. పెద్దవాళ్లమన్నాను. మోకాళ్ల సంగతీ చెప్పాను. వెనకనున్న కుర్రాడు "కొంచెం పక్కకు జరగండి అంకుల్" అన్నాడు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టిన చరిత్ర నాది. మా ఆవిడ ట్రాలీ పట్టుకుని ఎటో చూస్తోంది. కోణార్క్ రైల్లో పోదామని ఆవిడ ముందే అంది. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ట్రాఫిక్‌లో ఉన్నా మాస్టారూ" అని పెట్టేశాడు. రాత్రి విమానానికి కొత్త టికెట్లు కొన్నాం, ధర చెప్పుకుంటే సిగ్గుచేటు.

పుణెకు గాల్లో 500 కిలోమీటర్లు. నిద్రలోనే అయిపోయింది.

రెండు విమానాలు ఎక్కాల్సివస్తే ఒకే పీఎన్ఆర్ మీద తీయించండి. మొదటిది లేటైనా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీదే. విమానం అందక టికెట్ వృథా అయినా ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి అడగొచ్చు, చాలామందికి తెలియదు. నేను అడిగాను. ఏజెంటు కొన్న టికెట్ కాబట్టి ఆ డబ్బు ఆయన ఖాతాకే వెళ్తుందట.