పాత తెలుగు పుస్తకాలకు కొత్త సరిహద్దులు

చలం 1927లో వెలువరించిన 'మైదానం' తొలి ముద్రణను అమెరికాలో ఉన్న ఎవరైనా 2023 జనవరి 1 నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, మళ్ళీ అచ్చు వేయించవచ్చు. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న పాఠకుడికి అదే స్వేచ్ఛ 2040 జనవరి 1న గాని రాదు. అమెరికా చట్టం ఆ కాలపు పుస్తకాలకు అచ్చైన ఏడాది నుంచి 95 ఏళ్ళు లెక్కిస్తుంది. మన చట్టం రచయిత మరణించిన ఏడాది చివరి నుంచి 60 ఏళ్ళు లెక్కిస్తుంది. చలం 1979లో మరణించారు. రెండు లెక్కలూ వాటి వాటి చోట న్యాయమైనవే కావచ్చు. కానీ ఒకే పుస్తకం మీద రెండూ పనిచేసినప్పుడు, ఆ పుస్తకం ఏ భాషలో పుట్టిందో ఆ భాష చదివేవాళ్ళలో అత్యధికులు తలుపు బయట మిగిలిపోతున్నారు.

దేశాన్ని బట్టి తలుపులు తెరవడం, మూయడం అనగానే మనకు ముందుగా సినిమాలు గుర్తుకు వస్తాయి. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి కనిపించే సినిమా గుంటూరులో ఉన్న తల్లిదండ్రులకు కనిపించకపోవడం ఇప్పుడు చాలా ఇళ్ళలో మామూలు విషయం. దాని గురించి ఎక్కువగా చెప్పను. ఒక్కో దేశపు హక్కును ఒక్కొక్కరు డబ్బు పెట్టి కొనుక్కున్నారు కనుక ఆ కంచె వెనుక ఎవరో ఒకరి పెట్టుబడి ఉంది, అది కొన్నేళ్ళలో చేతులు మారుతుంది. ఐరోపా సమాఖ్య 2018 ఏప్రిల్ 1 నుంచి, సొంత దేశంలో ఆన్‌లైన్ సినిమా సేవలకు చందా కట్టినవారు సభ్యదేశాల్లో తాత్కాలికంగా ఎక్కడికి వెళ్ళినా తమ చందా తమతో వచ్చేలా చట్టం చేసింది. అదే ఏడాది డిసెంబరు నుంచి సరుకుల ఆన్‌లైన్ అమ్మకాల్లో దేశాన్ని బట్టి కొనుగోలుదారుని అడ్డుకోవడాన్ని నిషేధించింది గాని, సినిమాలను మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించింది. వ్యాపారం బలంగా ఉన్నచోట చట్టం ఆచితూచి నడవడం అర్థం చేసుకోగలను. ఎవరికీ పైసా ఆదాయం లేని పాత పుస్తకాల చుట్టూ అదే కంచె ఎందుకుండాలన్నదే నన్ను ఏళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న.

తెలుగు పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు అంత పెద్ద సంఖ్యలో ఎలా చేరాయో తెలిస్తే ఆ బాధ మరికొంత పెరుగుతుంది. పి.ఎల్.480 చట్టం కింద భారతదేశానికి అమ్మిన గోధుమలకు బదులుగా జమ అయిన రూపాయలతో 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. అంతకు ముందూ తరువాతా వేరే దారుల్లో చేరినవీ ఉన్నాయి. వాటిని అక్కడివారు జాగ్రత్తగా భద్రపరిచారు. ఇక్కడ చెదలకూ తేమకూ పోయిన ప్రతులు కొన్ని అక్కడ క్షేమంగా ఉన్నాయి. 2004 తరువాత గూగుల్ ఆ గ్రంథాలయాలతో ఒప్పందాలు చేసుకుని పుస్తకాలను స్కాన్ చేసింది, 2008లో ఆ గ్రంథాలయాల ఉమ్మడి డిజిటల్ భాండారంగా ఏర్పడిన హథీట్రస్ట్ ఆ స్కాన్‌లను ఒకచోట చేర్చింది. ఈ శ్రమకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞుణ్ణి. అయితే కంప్యూటరు ఐపీ అడ్రసును బట్టి పాఠకుడు ఏ దేశంలో ఉన్నాడో గుర్తించి, అమెరికాలో ఉంటే పుస్తకం మొత్తం చూపడం, భారతదేశంలో ఉంటే వెతికిన మాట ఏ పేజీల్లో ఉందో మాత్రం చెప్పి ఊరుకోవడం చాలా పుస్తకాల విషయంలో జరుగుతోంది.

ఇందులో గ్రంథాలయాల దురుద్దేశం ఏమీ లేదు. అమెరికాలో తలుపు తెరవాలంటే అచ్చైన ఏడాది తెలిస్తే చాలు, అది పుస్తకం మీదే ఉంటుంది. భారతదేశంలో తెరవాలంటే రచయిత ఎప్పుడు మరణించారో తెలియాలి. మద్రాసులోనో రాజమండ్రిలోనో 1905లో ఒక శతకం అచ్చు వేయించుకున్న కవి మరణ సంవత్సరం మిషిగన్‌లోని గ్రంథాలయ ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు ఆ రచయిత చాలాకాలం బతికి ఉంటారని ఊహించుకుని, విదేశీ పాఠకుల విషయంలో చాలా వెనకటి సంవత్సరాన్ని హద్దుగా పెట్టుకుంటారు. ఆ కవి 1912లోనే పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు మన చట్టం ప్రకారం కూడా ఆ పుస్తకం ఏనాడో అందరిదీ అయింది. అయినా మూసే ఉంటుంది. చట్టం మూయని తలుపును సమాచార లోపం మూసింది.

పొరపాటు భయం ఎంత దూరం పోతుందో చెప్పడానికి, పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించే అమెరికా సంస్థ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉదంతం చాలు. థామస్ మన్, హైన్రిఖ్ మన్, ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ రాసిన 18 పుస్తకాలు అమెరికాలో స్వేచ్ఛగా ఉన్నా, మరణానంతరం 70 ఏళ్ళు లెక్కించే జర్మనీలో హక్కులు ఇంకా ఉన్నాయంటూ ఎస్. ఫిషర్ ప్రచురణ సంస్థ వేసిన దావాలో 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ప్రచురణ సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. గుటెన్‌బర్గ్ ఆ 18 పుస్తకాలతో ఆగకుండా, 50 వేలకు పైగా ఉన్న తన పుస్తకాలన్నింటినీ జర్మనీకి మూసివేసింది. గోథేను కూడా జర్మనులు అక్కడ చదవలేకపోయారు. 2021 అక్టోబరులో రాజీ కుదిరేదాకా అదే స్థితి.

అడ్డంకి ఒకే దిక్కుగా లేదు. 1943లో మరణించిన త్రిపురనేని రామస్వామి చౌదరి రచనలన్నీ భారతదేశంలో 2004 నుంచి స్వేచ్ఛగా ఉన్నాయి. కాని 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కులున్న రచనలకు అమెరికా తన చట్టం కింద హక్కులను పునరుద్ధరించింది కనుక, ఆయన ముప్ఫైల దశకం మధ్యలో అచ్చు వేసిన రచన అక్కడ అచ్చు నుంచి 95 ఏళ్ళు నిండేదాకా ఆగాలి. అమెరికాలోని సర్వర్ల మీద నడిచే వేదికలన్నిటికీ ఇది వర్తిస్తుంది. మరోవైపు 1922లో తొలిసారి అచ్చై, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మన దేశంలో స్వేచ్ఛ పొందింది 2019లో. 1923కు ముందు అచ్చైనవన్నీ అమెరికాలో 1998 నాటికే స్వేచ్ఛగా ఉన్నాయి.

వేరే దేశంలో ఉన్నట్టు చూపే వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని మిత్రులు అంటారు. ఒక పరిశోధక విద్యార్థి తన భాషలోని వందేళ్ళనాటి పుస్తకం కోసం తానెక్కడున్నదీ దాచుకోవలసి రావడం నాకు సమ్మతం కాదు. పైగా ఆ ఉపాయం తెలిసినవారికే పుస్తకం దక్కుతుంది, పల్లెలో ఫోను మీద చదువుకునే పిల్లకు దక్కదు.

సరిహద్దును చట్టమే తొలగించగలదనడానికి మర్రాకేష్ ఒప్పందం సాక్ష్యం. చూపులేనివారి కోసం తయారైన ప్రతులు హక్కుదారుల అనుమతి లేకుండానే దేశాలు దాటడానికి 2013లో కుదిరిన ఆ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. ఒక రచన తన సొంత దేశంలో స్వేచ్ఛ పొందితే మిగతా దేశాలూ దాన్ని అలాగే చూడవచ్చనే వీలు, రచనల హక్కులపై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో ఇప్పటికే ఉంది. అమెరికా దాన్ని పాటించడం లేదు. అది మన చేతిలో లేదు.

మన చేతిలో ఉన్నది మరణ సంవత్సరం. తాతగారో ముత్తాతగారో పుస్తకాలు రాసిన కుటుంబాలు తెలుగునాట చాలా ఉన్నాయి. సంస్మరణ సంచికలో, పత్రికలో వచ్చిన మరణవార్తలో, సమాధి ఫలకం మీద ఉన్న ఆ ఏడాదిని ఆధారంతో సహా వికీడేటాలోనూ తెలుగు వికీసోర్స్‌లోనూ చేర్చి, పుస్తకం ఏ గ్రంథాలయానిదో వారికి ఉత్తరం రాస్తే, హద్దును ఊహ మీద కాక వాస్తవం మీద నిర్ణయించుకునే అవకాశం వారికి కలుగుతుంది. గడువు ఇంకా తీరని పుస్తకాల విషయంలో, హక్కులను మరొకరికి రాసి ఇవ్వకపోయి ఉంటే, వారసులే హక్కుదారులు. వారు అనుమతి పత్రం మీద సంతకం చేసి పంపితే హథీట్రస్ట్ ఆ పుస్తకాన్ని అన్ని దేశాలకూ తెరుస్తుంది. దానికి రుసుము లేదు.