బాలిలో అద్దె ఇల్లు వెతికిన కథ

"రెండు కోట్లా!" అంటూ నాన్న కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఐదు రాత్రుల అద్దె అని నేను కాగితం మీద వేసిన లెక్క అది. రూపాయలు కావు, ఇండోనేషియా రుపియాలు అని చెప్పాక ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు మన రూపాయికి సుమారు 190 రుపియాలు. అంటే లక్షా అయిదు వేలు. "అదైనా తక్కువా?" అన్నారు వెంటనే. పట్టుచీరలు అమ్మే మనిషి మరి, ఏ ధర విన్నా ముందు ఆ మాటే వస్తుంది.

మాది బరంపురం. నాన్న కొట్టులో లెక్కలు నేనే చూస్తాను. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర ఒడియా. 2025లో అమ్మానాన్నల పెళ్లికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని విశాఖలో ఉన్న అన్నయ్య పట్టుబట్టాడు. అన్నయ్య, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను, మా ఆయన, మా నాలుగేళ్ల బాబు, అమ్మ, నాన్న. మొత్తం తొమ్మిది మందిమి. బాలి పేరు ఎత్తింది నాన్నే. కార్తీక పున్నమి తెల్లవారుజామున మా ఊళ్లోనూ చెరువుల్లో అరటి దొప్పల పడవలు వదులుతారు. వెనకటి వర్తకులు తూర్పు దీవులకు ఓడలెక్కిన రోజుకు అది గుర్తు. టాలెమీ రాసిన పలూర రేవు మా గంజాం జిల్లాలోని పాలూరు దగ్గరే ఉండేదని చరిత్రకారులు అంటారు. "యాభై ఏళ్లుగా పడవలు వదులుతున్నాను, అవి ఎక్కడికి పోతున్నాయో చూడవద్దా?" అన్నారు నాన్న. అంతటితో ఊరు ఖాయమైంది.

ముందు ఊళ్లోని ఒక ట్రావెల్ ఏజెంటును అడిగాం. ఆరు రోజుల్లో రెండు హోటళ్లు, మూడో రోజు మూటాముల్లె సర్దుకుని మారడం, రోజంతా బస్సు, నాలుగు వేర్వేరు గదులు. విదేశీ ప్యాకేజీ కాబట్టి పైన అప్పట్లో 5 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటవుతుంది. నాకు నచ్చనిది ఆ పన్ను కాదు. అమ్మ తెల్లవారి నాలుగున్నరకే లేస్తుంది, కాఫీ తనే కలుపుకోవాలి. హోటల్ గదిలో ఆ వేళకు లేచి ఆమె ఏం చేస్తుంది? గోడకేసి చూస్తూ కూర్చోవాలి. వంటగది, వరండా ఉన్న ఇల్లే కావాలని అప్పుడు తేల్చుకున్నాను. అక్కడ వాటిని విల్లాలంటారు. ఈత కొలను, పని చూసే మనిషి, అన్నీ ఇంటితో పాటే.

తేదీల దగ్గరే మొదటి దెబ్బ తగలబోయింది. మార్చి నెలాఖరులో ఒక విల్లా చాలా చవగ్గా కనబడింది. ఉగాది అక్కడే చేసుకోవచ్చని వదిన సంబరపడింది. పంచాంగం చూసే అలవాటే మమ్మల్ని కాపాడింది. బాలి వాళ్లదీ శక సంవత్సరమే. వాళ్ల సంవత్సరాది పేరు న్యేపి. 2023లో న్యేపి, మన ఉగాది రెండూ మార్చి 22నే వచ్చాయి. 2025లో న్యేపి మార్చి 29న, ఉగాది మార్చి 30న. న్యేపి రోజు ద్వీపమంతా మౌనం. ఇరవై నాలుగు గంటలు విమానాశ్రయం మూసేస్తారు, వీధిలోకి ఎవరూ రాకూడదు, రాత్రి దీపాలు కూడా బయటికి కనబడకూడదు. నాకైతే ఒక రోజు అలా గడపాలనే ఉంది. ముగ్గురు పిల్లలతో కుదిరే పని కాదు. పైగా నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానకాలం. ఏప్రిల్‌లో వెళ్దామంటే రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర ఆ ఏడే. ఊరంతా అమ్మవారిని పుట్టింటికి తెచ్చుకునే రోజుల్లో కొట్టు మూసి వెళ్తే నాన్నను యాత్ర పెద్ద దేశిబెహరా గారు క్షమించినా అమ్మవారు క్షమించదు. చివరికి మే నెలాఖరుకు కుదిరింది. ఎండకాలం సెలవులు, అక్కడ వానలు వెలిసిన కాలం.

ఇక ఇల్లు. మొదటి పదిహేను రోజులు ఫొటోలు చూసి మోసపోవడానికే సరిపోయాయి. ఉబుద్ దగ్గర ఒక విల్లా మీద మనసు పారేసుకున్నాను. లోయ అంచున కొలను, కింద మెట్లు మెట్లుగా వరి మళ్లు. ఆ మళ్లకు నీళ్లు పంచే సుబక్ అనే పద్ధతిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఒక్కో సుబక్‌కు ఒక గుడి, నీటి వంతులు ఆ గుడి దగ్గరే తేలతాయి. ఇదంతా రాత్రి పన్నెండు దాకా చదివి, పొద్దున్నే ఆ విల్లాకు సందేశం పెట్టాను: కారు ఆగే చోటు నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లు? 64 అని జవాబు వచ్చింది. అమ్మ మోకాళ్లకు మా ఇంటి మేడ మెట్లు పద్దెనిమిదే బరువు. ఇంకొక ఇంటి హాలుకు మూడు వైపులా గోడలే లేవు. ఫొటోలో అందంగా ఉంది. దోమలు, గాలివాన, ఏసీ లేని మధ్యాహ్నం ఫొటోలో పడవు కదా.

చీర కొనేవాళ్లలో తెలిసినవాళ్లు మా కొట్టుకు వస్తే ముందు అంచు తిరగేసి చూస్తారు. అంచు మీద గోపురాల్లా ఉండే కుంభం నేత ఎంత శుభ్రంగా ఉందో వెనక వైపే తెలుస్తుంది. విల్లాలకు అలాంటి వెనక వైపు రెండు చోట్ల దొరికింది. ఒకటి, తక్కువ మార్కులిచ్చిన అతిథుల మాటలు. అవి కూడా గత ఆరు నెలల్లో రాసినవే. ఎందుకంటే బాలిలో ఇవాళ ఖాళీ స్థలం రేపు కట్టడం పని. నిరుడు "ప్రశాంతం" అని రాసిన చోట ఈ ఏడు పొద్దున్నే రాళ్లు కోసే మిషను మోగుతుంది. రెండోది, ఉపగ్రహ పటం. పక్కన ఏముంది, సందు ఎంత వెడల్పు, పెద్ద వ్యాను లోపలికి వస్తుందా అన్నది పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. అలా జల్లించగా ఉబుద్ పోయింది, రద్దీ వల్ల చంగూ అనే ఊరు పోయింది. మిగిలింది సనూర్. తూర్పు తీరం, ఎదురుగా పగడపు దిబ్బ అడ్డు ఉండటం వల్ల నీళ్లు నెమ్మది, ఒడ్డు పొడవునా చదునైన కాలిబాట. ముసలివాళ్ల ఊరు అని పడుచువాళ్లు వెక్కిరిస్తారట. మాకు కావలసింది అదే.

ఆ వెతుకులాటలోనే మా ఆయనకు ఒక "ఓనరు" తగిలాడు. నాలుగు పడకగదులు, 30 శాతం తక్కువ, కానీ బుకింగ్ సైటులో వద్దు, నేరుగా ఖాతాలో వేయండి అన్నాడు. మా ఆయన అడ్వాన్సు పంపడానికి సిద్ధమైపోయాడు. ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. అదే కొలను, అవే నీలం కుర్చీలు, వేరే పేరుతో, వేరే ఊళ్లో. అప్పటికీ మా ఆయనకు నమ్మకం చావలేదు. "సరే, ఇప్పుడే వీడియో కాల్ చేసి గేటు నుంచి వంటగది దాకా నడుస్తూ చూపించమనండి" అన్నాను. నెట్ బాగా లేదన్నాడు. రేపు అన్నాడు. ఆ రేపు రాలేదు. సైటుకు ఇచ్చే కమీషన్ మీద నాకూ కడుపుమంటే. అయినా తాళం తెరుచుకోకపోతే అడగడానికి మధ్యలో ఒకరు ఉంటారు. ఆ మాత్రం దానికి డబ్బు ఇవ్వవచ్చని అప్పుడు ఒప్పుకున్నాను.

సనూర్‌లో రెండు ఇళ్లు మిగిలాయి. రెండింటి వాళ్లనూ అదే వీడియో నడక అడిగాను. మొదటివాళ్లు వీడియో పంపారు, సంగీతం పెట్టి, డ్రోన్‌తో తీసింది. రెండో ఇంట్లో పని చూసే ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని చెప్పులు లేకుండా ఇల్లంతా తిప్పింది. కింద రెండు పడకగదులు, స్నానాల గదిలో జారని రాయి. కొలనుకు కంచె లేదు, కానీ పిల్లల కోసం తాత్కాలిక కంచె అద్దెకు దొరుకుతుందని తనే చెప్పింది. అడగకుండానే లోపం చెప్పిన మనిషి మీద నాకు గురి కుదిరింది. తాగడానికి కుళాయి నీళ్లు పనికిరావు, 19 లీటర్ల డబ్బా వస్తుంది. పొయ్యి ఉందా? ఉంది. అక్కడ పెద్దావిడను 'ఇబు' అని పిలుస్తారు, అమ్మ అనే అర్థమట. వెనక నుంచి మా అమ్మ "ఇబూ, కరివేపాకు దొరుకుతుందా?" అని తెలుగులోనే అరిచింది. ఆవిడ నవ్వి తల ఊపింది. దేనికి ఊపిందో ఇద్దరికీ తెలియదు.

అద్దె రాత్రికి 40 లక్షల రుపియాలు. నాన్నకు నేను చూపించిన రెండు కోట్లు దాని మీద వేసిన లెక్కే. ధర పక్కన ఉన్న రెండు కూడిక గుర్తులు మాత్రం అప్పటికి నా కంట పడలేదు. అక్కడి రివాజు ఏమిటంటే అద్దె మీద పది శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద పది శాతం పన్ను. పదీ పదీ ఇరవై కాదు, ఇరవై ఒకటి. రెండు కోట్లు కాస్తా రెండు కోట్ల నలభై రెండు లక్షలయ్యాయి. మన డబ్బుల్లో లక్షా ఇరవై ఏడు వేల పైచిలుకు. తల ఒక్కింటికి రాత్రికి 2,830 రూపాయలు. ఏజెంటు చెప్పిన నాలుగు గదుల కంటే తక్కువే. నాన్న మళ్లీ "అదైనా తక్కువా?" అనలేదు కానీ కళ్లజోడు మాత్రం తీశారు.

కార్డు దగ్గర ఇంకొక చిల్లు. నా కార్డుకు విదేశీ కరెన్సీ మార్పిడి 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 4.13. అన్నయ్య కార్డుకు అది రెండు శాతమే, కాబట్టి గీకిన పుణ్యం వాడికే దక్కింది. కార్డులో విదేశీ చెల్లింపులు మూసి ఉండటంతో రెండుసార్లు తిప్పికొట్టింది. యాప్‌లో తెరిచాక పోయింది. డబ్బు రూపాయల్లో కడతారా, రుపియాల్లోనా అని తెర మీద అడిగినప్పుడు సంతోషపడి రూపాయలు నొక్కకూడదు. ఆ మార్పిడి రేటు వాళ్లు వేసుకునేది.

అన్నయ్యతో పేచీ పడింది ఒక్క చోటే. రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని బుకింగ్ కొంత చవక. అదే తీసుకుందామన్నాడు. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలో అగ్నిపర్వతం బూడిద కక్కితే బాలి విమానాలు వరసగా రద్దయ్యాయని గుర్తు చేశాను. "అది మళ్లీ మన రోజునే పేలుతుందా?" అన్నాడు. పేలింది అగ్నిపర్వతం కాదు, నాన్న పాస్‌పోర్టు. వీసా వివరాలు నింపడానికి బీరువాలోంచి తీస్తే గడువు ప్రయాణం నాటికి అయిదు నెలలే ఉంది. ఇండోనేషియా వాళ్లకు కనీసం ఆరు నెలలు ఉండాలి. అందరివీ పుస్తకంలో రాసుకున్న నేను నాన్నది మాత్రం ఆయన మాట మీద రాసుకున్నాను. ఆ వారం నాకు అన్నం సహించలేదు. తత్కాల్‌లో 3,500 రూపాయలు కట్టి, కొత్తది చేతికొచ్చేదాకా రోజూ ఆ ఉచిత రద్దు తేదీని కేలండరులో చూసుకుంటూనే ఉన్నాను. తేదీకి ఆరు రోజుల ముందు వచ్చింది. అన్నయ్య ఏమీ అనలేదు. వదిన అంది.

మిగిలినవి చకచకా అయిపోయాయి. వీసా మనిషికి 5 లక్షల రుపియాలు, ఆన్‌లైన్‌లోనే. 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలికి వచ్చే ప్రతి విదేశీయుడి దగ్గరా తీసుకునే పర్యాటక రుసుము లక్షా యాభై వేలు, మా బాబుకు కూడా. విశాఖ దాకా రైలు, అక్కడి నుంచి సింగపూర్ మీదుగా బాలి విమానాశ్రయం ఉన్న డెన్‌పసార్.

ఇల్లు వీడియోలో చూసినట్టే ఉంది. అమ్మ సంచి దింపగానే అన్నం వార్చే సత్తు గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది. పొయ్యి వెలగలేదు. అది కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యి. అయస్కాంతం అంటుకునే గిన్నెలకే వేడెక్కుతుంది. నలభై ప్రశ్నలు అడిగాను, పొయ్యి ఉందా అని అడిగాను, ఏ పొయ్యి అని అడగలేదు. ఇబు విషయం చూసి, ఏమీ మాట్లాడకుండా స్కూటరు తీసుకుని వెళ్లి, ఇంటి నుంచి గ్యాసు పొయ్యి, మూడు కిలోల ఆకుపచ్చ బండ తెచ్చింది. దాన్ని వాళ్లు 'మెలన్' అంటారట. చూస్తే నిజంగా పుచ్చకాయలాగే ఉంది. మర్నాడు పొద్దున ఆవిడ కొబ్బరాకు దొన్నెల్లో పూలు, అగరువత్తి పెట్టి గుమ్మం దగ్గర ఒకటి, కొలను దగ్గర ఒకటి, ఆ అరువు పొయ్యి పక్కన ఒకటి ఉంచింది. అమ్మ స్నానం చేసి వచ్చి దాని పక్కనే తన కుంకుమ బరిణె పెట్టింది.

బయలుదేరే రోజు ముందస్తుగా కట్టిన 20 లక్షల రుపియాల డిపాజిట్ తిరిగి ఇచ్చారు. నాన్న మూడుసార్లు లెక్కపెట్టారు. యాభై వేలు తక్కువ. మా బాబు కొలను గట్టు మీద పగలగొట్టిన దానికి. నా పుస్తకంలో చివరి పద్దు అదే: గాజు గ్లాసు ఒకటి, 263 రూపాయలు.