ఊరి చిహ్నంగా పసుపు కొమ్ము గీసిన పాపానికి

మా ఊరికి ఒక చిహ్నం ఉండాలని పంచాయతీ తీర్మానం చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్తగా కట్టిన స్వాగత ద్వారం మీదా, రసీదు పుస్తకాల మీదా, రబ్బరు ముద్రలోనూ ఒకే బొమ్మ ఉంటే బాగుంటుందన్నారు. ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆ పని నా నెత్తిన పెట్టారు. నిన్న సాయంత్రంతో అది పూర్తయింది. కోపం ఇంకా చల్లారకముందే జరిగినదంతా రాసిపెడుతున్నాను.

మాది దుగ్గిరాల పసుపు యార్డుకు దగ్గరలో ఉన్న చిన్న ఊరు. వారానికొక సంత, నాలుగు గోదాములు, చింతచెట్ల కింద పశువుల బేరాలు, కాలువ గట్టు మీద బస్టాండు, ఇంతకు మించి ఏమీ లేవు. సూచనల కోసం గ్రంథాలయంలో ఒక డబ్బా పెడితే మూడు వారాల్లో నలభై రెండు కాగితాలు పడ్డాయి. ఎక్కువమంది పూర్ణకుంభం అని రాశారు. అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటాన్నే 2018లో రాష్ట్ర ప్రభుత్వం ధర్మచక్రం నడుమ నిలిపి తన అధికారిక చిహ్నం చేసుకుంది. ప్రభుత్వ చిహ్నాల దుర్వినియోగాన్ని అడ్డుకునే 1950 నాటి చట్టం ఒకటి ఉంది కనుక దాని జోలికి పోలేదు. మూడు సింహాలు కనిపించే అశోక స్తంభం కావాలన్న యువకుడికి, దాని కోసం 2005లో ప్రత్యేకంగా ఇంకో చట్టమే చేశారని చెప్పాను. బడిపిల్లలు రామచిలుకను, వేపచెట్టును, మల్లెపువ్వును అడిగారు. అవి కూడా 2018లోనే రాష్ట్ర చిహ్నాలైపోయాయి. ఇంతవరకు నాకు కష్టమేమీ అనిపించలేదు.

పసుపు మీద బతికే ఊరు కనుక పసుపు కొమ్ము గీయాలని నేనే నిర్ణయించాను. కంప్యూటరు మీద చేయిస్తే ద్వారం మీద నీటుగా వస్తుందని ఎవరో అనగా విజయవాడలో ఒక డిజైన్ల దుకాణానికి వెళ్లి రెండు వేలు అడ్వాన్సు ఇచ్చాను. వారం తరువాత ఆ కుర్రవాడు పంపిన బొమ్మ చూసి మా ఆవిడ, "ఇది అల్లమండీ" అంది. నిజంగానే అల్లం. బల్లపరుపుగా, చెట్టు కొమ్మలాగా పక్కలకు విచ్చుకుని ఉంది. పసుపు కొమ్ము గుండ్రంగా ఉంటుంది, ఒంటి చుట్టూ ఉంగరాలు తొడిగినట్లు గీతలుంటాయి, కొన మొద్దుగా ఉంటుంది. పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టే ఊళ్లో ద్వారం మీద అల్లం వేలాడదీస్తే సంతకు వచ్చిన ప్రతి రైతూ నవ్విపోతాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వమంటే "డిజైను ఇచ్చాం కదండీ" అన్నాడు. కంప్యూటరు తెలిసినవాడికి కొమ్ము తెలియాలని లేదు. ఇలాంటి పనికి వెళ్లేవారు సరుకును చేతిలో పట్టుకుని వెళ్లండి.

చివరికి నేనే గోదాములోనుంచి ఒక దుంపను తెచ్చుకుని, తల్లికాయ, దానికి అతుక్కున్న ఐదు పిలకలు ఉన్నవి ఉన్నట్లుగా, గీత గీతా చూసుకుంటూ రెండు రాత్రులు కూర్చుని గీశాను. నా చేతి పని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, దాన్ని చూసి ఒక కమీషన్ వ్యాపారి ఇది ఏ రకమో కూడా చెప్పగలిగాడు.

ఆ బొమ్మను సభలో బల్ల మీద పెట్టిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. పై కార్యాలయం నుంచి ఒక అధికారి కూడా వచ్చారు. ఒక సభ్యుడు కాగితాన్ని తీసుకుని నిలువుగా తిప్పి పట్టుకున్నాడు. ఐదు పిలకలూ పైకి లేచాయి. "ఇది చెయ్యి గుర్తు కదండీ" అన్నాడు. ఇంకొకరు, "రంగు చూశారా, పసుపు. అది సైకిలు వాళ్లది" అన్నారు. అధికారి కళ్లజోడు సవరించుకుని, "ఒక్క బొమ్మలో రెండు పార్టీలను పెట్టారు మాస్టారూ, ఇంతకీ మీరు ఎవరి మనిషి?" అని అడిగారు. సభ గొల్లుమంది. అందులో సగం మంది నా దగ్గర బొమ్మలు దిద్దుకున్నవాళ్లే.

పసుపుకు పసుపు రంగు కాక మరేం వేయమంటారని అడిగితే, నీలం వేయమని ఒకరన్నారు, అది ఫ్యాను పార్టీ జెండాలో ఉందని పక్కవారు ఆపారు. ఎరుపు కమ్యూనిస్టులదన్నారు, కాషాయం కమలం వారిదన్నారు. ఒక పిలక తీసేస్తే చెయ్యిలా ఉండదని ఇంకొకరి సలహా. ఇంటికి వెళ్లి తీసి చూశాను. వేలు తెగిన చెయ్యిలా ఉంది. పోనీ అమరావతి రాతి కంచె మీద చెక్కిన పద్మాల్లో ఒకటి తీసుకుందామంటే అదీ పార్టీ గుర్తేనట. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పికి ఆ సంగతి తెలియదు పాపం. ఇంత జరిగాక, ఆ బొమ్మ వెనుక రాజకీయ ఉద్దేశం ఏదీ లేదని నా చేత కాగితం రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక్క మెమో అందుకోనివాణ్ణి, ఆ సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపిస్తే గాంధీజీ తెలుపు చేర్చమన్నారు తప్ప, మీరు ఎవరి మనిషి అని అడగలేదు. అసలు మన గ్రామ పంచాయతీ ఎన్నికలే పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ఓట్ల కోసం గుర్తులను కేటాయించిందే గానీ, కమలాన్ని చెరువులో పూయవద్దనలేదు.

మరుసటి సంతనాడు గోదాము అరుగు మీద కూర్చుని ఉంటే ఒక ముసలి హమాలీ పలకరించాడు. విషయం విని, "వీళ్లకు చెయ్యి కనపడకూడదు, అంతేగా మాస్టారూ? అదిగో అలా గీయండి" అని చింతచెట్ల వైపు చూపించాడు. అక్కడ ఇద్దరు ఎడ్ల జతకు బేరమాడుతున్నారు. పైన గళ్ల తువ్వాలు కప్పి ఉంది, కింద వేళ్లు నొక్కుకుంటూ ధర చెప్పుకుంటున్నారు, చుట్టూ మూగినవారికి తువ్వాలు కదలడం తప్ప మరేమీ తెలియడం లేదు. నా చిన్నప్పటినుంచి చూస్తున్నదే, గీయాలని ఏనాడూ తోచలేదు.

రెండు ముంజేతులు, మధ్యలో ఉబ్బిన గళ్ల తువ్వాలు, అన్నీ నల్లగీతలే, ఏ రంగూ లేదు. ఈసారి సభకు వెళ్లేముందు గుంటూరు అరండల్‌పేటలో రబ్బరు స్టాంపు చేయించాను. రూపాయి నాణెమంత ముద్రలో గళ్లన్నీ కలిసి మసిమరక అయ్యాయి కనుక గళ్లు తగ్గించి మళ్లీ చేయించాను. ఎవరైనా ఈ పనికి దిగితే ముందు ముద్ర చేయించి చూడండి, ద్వారం సంగతి తరువాత. సభలో ఒకాయన, "కండువా అంటే పార్టీ మారినట్టు కాదూ?" అని లేచారు. కండువా కాదు, ముఖం తుడుచుకునే తువ్వాలు అన్నాను. అధికారి వేళ్ల కోసం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, దొరకలేదు, ఆమోదించారు.

నిన్న ద్వారం మీద రంగులు ఆరుతుండగా ఆ హమాలీ కిందినుంచి చాలాసేపు చూసి, "బేరం ఇంకా తెగలేదు మాస్టారూ, తెగితే తువ్వాలు దులిపేవాళ్లు" అన్నాడు. రెండు స్టాంపులకు నా జేబులోంచి పెట్టిన డబ్బు కోసం రసీదులు జతచేసి బిల్లు పెట్టాను. దాని మీద పంచాయతీ కొత్త ముద్ర లేదని ఈ ఉదయమే తిప్పి పంపారు.