ఎడమ చెయ్యి తప్పింది

న్యూయార్క్ హార్లెమ్‌లోని ఆ చిన్న బార్‌లో పియానో వాయించడానికి పేరు రాయించుకుంటే ఆరో నంబరు వచ్చింది. ఇంకో గంట టెన్షన్ పడాలన్నమాట.

పొద్దున న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో రైలెక్కి ముందు క్వీన్స్ వెళ్లాను. అక్కడ మాస్పెత్‌లో మౌంట్ ఆలివెట్ శ్మశానం ఉంది. స్ట్రైడ్ అనే జాజ్ పియానో బాణీకి పెద్దదిక్కు అనదగ్గ జేమ్స్ పి. జాన్సన్ సమాధి అందులోనే. ఆయన 1955లో పోయారు. 2009 దాకా ఆ చోట పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఆ ఏడాది పియానిస్టులు కలిసి కచేరీ పెట్టి డబ్బు పోగుచేశారు. దానికి 'రెంట్ పార్టీ' అనే పేరే పెట్టారు. 1920ల్లో హార్లెమ్‌లో అద్దె కట్టలేనివాళ్లు ఇంట్లో పియానిస్టుని కూర్చోబెట్టి, వచ్చినవాళ్ల దగ్గర తలా కాస్త తీసుకుని గట్టెక్కేవారు. అలాంటి పార్టీల్లో తెల్లవార్లూ వాయించిన మనిషికి ఆఖరికి రాయి కూడా ఆ దారినే వచ్చింది.

ఈ స్ట్రైడ్ వాయింపులో డ్రమ్ముండదు, బేసుండదు. రెండింటి పనీ ఎడమ చెయ్యిదే. ఒకటో దెబ్బకి కింద మంద్రంలో ఒక స్వరం. రెండో దెబ్బకి జానెడు దూరం ఎగిరి మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కాలి. మళ్లీ కిందికి. అదీ చూడకుండా.

నేను ఎంచుకున్నది 'కెరొలైనా షౌట్'. జాన్సన్ 1921లో రికార్డు చేసిన ఈ ముక్క వాయించలేనివాణ్ణి అప్పట్లో హార్లెమ్‌లో పియానిస్టుగా లెక్కేసేవారు కాదు. తర్వాత జాజ్‌లో పెద్ద పేరైన డ్యూక్ ఎలింగ్టన్ కుర్రతనంలో పియానో రోల్‌ని, అంటే పియానో తనంతట తానే వాయించేలా చిల్లులు పెట్టిన కాగితపు చుట్టని, నెమ్మదిగా తిప్పుతూ, వాటంతటవే దిగే మెట్ల మీద వేళ్లు పెట్టి నేర్చుకున్నాడు. నాకు రెండేళ్లు పట్టింది. మొదట్లోనే తిరకాసు: ఎడమ చెయ్యి మామూలు నడక వదిలేసి, ఎనిమిది దెబ్బల్ని మూడు, మూడు, రెండుగా విరుస్తుంది. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్న నాకది 'తకిట తకిట తక'. ఇంట్లో బాగానే వచ్చేది. ఇంట్లో ఎవరూ చప్పట్లు కొట్టరుగా!

బార్‌లో నా వంతు వచ్చి మొదలుపెట్టగానే జనం రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు మొదలుపెట్టారు. వాళ్ల లెక్క ఒకటి, నా ఎడమ చేతి లెక్క ఇంకొకటి. చిటికెన వేలు పక్క మెట్టు మీద పడింది. చెవులు వేడెక్కిపోయాయి. కుడి చేత్తో అదే ముక్కని తిప్పితిప్పి వాయిస్తూ, నోట్లో తకిట తకిట తక అనుకుంటూ ఎలాగో దారిలో పడ్డాను. చప్పట్లు ఆగలేదు. వాటి మీద నా తకిటలు సరిగ్గా కూర్చున్నాక ఒళ్లు ఝల్లుమంది.

దిగాక ముందు వరసలోని పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "బాగుంది బాబూ. కానీ ఇది డాన్సు చేసేవాళ్ల కోసం చేసిన పాట. నువ్వేమో రైలు తప్పిపోతుందన్నట్టు వాయించావు." నిజమే. కెరొలైనా తీరం నుంచి వలస వచ్చినవాళ్ల ఆటలకి వాయిస్తూ జాన్సన్ కట్టిన బాణీలవి. వాళ్లు తొక్కే అడుగుకి చోటుండాలి కదా.

తిరుగు రైల్లో నిద్రపట్టేసింది. ఫోన్ మోగితే లేచాను.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"న్యూ బ్రన్స్‌విక్‌లో. మన స్టేషన్ దాటిపోయింది."

మా ఆవిడ పెట్టేసింది. వెనక్కి వెళ్లే రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది. 1894లో జాన్సన్ పుట్టింది ఈ ఊళ్లోనే. ప్లాట్‌ఫారం బెంచీ అంచు మీద ఎడమ చెయ్యి పెట్టి, ఈసారి నెమ్మదిగా, మొదటి నుంచీ ఎత్తుకున్నాను.