వేదాంతం రాసి పరీక్ష తప్పాను

భారతీయ తత్వశాస్త్రంలో మొదటిసారి నాకు వచ్చిన మార్కులు నూటికి 29. గట్టెక్కడానికి 35 కావాలి. అదే విడతలో రాసిన పాశ్చాత్య తత్వశాస్త్రంలో 54 వచ్చాయి. దెకార్తు పేరు ఎలా పలకాలో కూడా తెలియకుండా మొదలుపెట్టిన పేపరు పోకుండా నిలబడింది. గీతాప్రవచనాలు, వేమన పద్యాలు వింటూ పెరిగాను కాబట్టి ‘ఇది మనదేగా’ అనుకున్న పేపరు పోయింది. దూరవిద్యలో బీఏ ఫిలాసఫీ కట్టినవాళ్లు, కట్టాలనుకుంటున్నవాళ్లు నేను పడిన గోతిలోనే పడకూడదని ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. ఇంజనీరింగ్‌లో చేరి రెండో ఏడాది మానేశాను. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. పొద్దున పూట నేనూ అక్కడే లెక్కలు రాసేవాణ్ణి. చుట్టూ ఉన్న స్నేహితులంతా బ్రాడీపేటలో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్తుంటే, నేను దూరవిద్యలో బీఏ ఫిలాసఫీ కట్టాను. నాన్న అడ్డు చెప్పలేదు. “వేదాంతానికి ఫీజు కట్టడం ఎందుకురా, వయసు మీద పడితే ఉచితంగా అదే వస్తుంది” అన్నాడు, అంతే.

అసలు పొరపాటు ఆ మాటలోనే ఉంది. నాన్నది మాత్రమే కాదు, మనందరిదీ. తెలుగులో ఎవరైనా నిట్టూర్చి రెండు మాటలు అంటే ‘వేదాంతం మాట్లాడుతున్నాడు’ అంటాం. నేను పరీక్షలో చేసింది సరిగ్గా అదే. చార్వాకుల (మన ప్రాచీన భౌతికవాదుల) మీద ప్రశ్న వస్తే, ‘వారు సుఖమే పరమావధి అన్నారు, అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారు, ఇటువంటి భావన సమాజానికి మంచిది కాదు’ అని మూడు పేజీలు నింపాను. అదనపు కాగితం కూడా అడిగి తీసుకున్నాను. ఇరవైకి నాలుగు మార్కులు వచ్చి ఉంటాయని ఇప్పుడు నాకే తెలుస్తోంది.

ముందు పేపరు సంగతి చెప్తాను, ఇది తేల్చుకోకుండా పుస్తకం తెరవకండి. మా పరీక్షలో ఐదు ప్రశ్నలు, ఒక్కోటి ఇరవై మార్కులు, మూడు గంటలు. మొదటి రెండు 400 పదాల జవాబులు. మూడోది 200 పదాలవి రెండు, నాలుగోది 150 పదాలవి నాలుగు, ఐదోది 100 పదాల లఘు వ్యాఖ్యలు ఐదు. కూడి చూడండి: 2300 పదాలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 36 నిమిషాలు. నేను మొదటి ప్రశ్న మీద గంటా పది నిమిషాలు కూర్చున్నాను. ఐదో ప్రశ్నలో రెండు వ్యాఖ్యలు రాసేసరికి కాగితాలు లాక్కున్నారు. మిగతా మూడు వ్యాఖ్యలకు పన్నెండు మార్కులు. నాకు తక్కువ పడ్డవి ఆరు! లఘు వ్యాఖ్యలను చిన్నచూపు చూడకండి. ‘సమవాయం’, ‘సత్కార్యవాదం’ లాంటివి నిర్వచనం, ఒక ఉదాహరణ, ఎవరు కాదన్నారో ఒక వాక్యం రాస్తే నిండుగా మార్కులు పడే చోట్లు.

ఇక తెలుగువాళ్లకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, ఆలోచన తెలుగులో సాగుతుంది. అది పెద్ద ఇబ్బంది కాదు, రాను రాను అలవాటవుతుంది. అసలు ఇబ్బంది, శాస్త్రంలోని మాటలన్నీ మన ఇంట్లో ఇంకో అర్థంతో తిరుగుతుండటం. ‘అనుమానం’ అంటే మనకు సందేహం. తర్కానికి పెద్దపీట వేసిన న్యాయదర్శనంలో అది సందేహానికి పూర్తిగా ఎదురు: హేతువు పట్టుకుని నిశ్చయంగా తెలుసుకోవడం. సందేహానికి అక్కడి మాట సంశయం. ‘ప్రమాణం’ అంటే ఒట్టు కాదు, జ్ఞానం కలగడానికి సాధనం. ‘పదార్థం’ వైశేషిక దర్శనం వాళ్లకు తినేదీ ముట్టుకునేదీ కాదు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం అనే ఏడింటిలో ఏదైనా పదార్థమే, లేకపోవడం కూడా! ‘వితండం’ అంటే మొండివాదన కాదు, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది మాత్రమే ఖండించడం. ‘ఉపాధి’ అనగానే నాకు ఉపాధి హామీ పథకం గుర్తొచ్చేది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, తడి కట్టె తోడైతేనే ఉంటుంది. ఆ తడి కట్టె, అంటే తోడవ్వాల్సిన ఆ షరతు, అక్కడ ఉపాధి. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు.

‘నాస్తికుడు’ మరీ మోసం చేస్తుంది. పటమటలో నాస్తిక కేంద్రం ఉన్న విజయవాడలో పరీక్ష రాసి, ఆ మాటను దేవుణ్ణి నమ్మనివాడు అనే అర్థంలో వాడేశాను. దర్శనాల్లో నాస్తికుడంటే వేదప్రామాణ్యాన్ని ఒప్పుకోనివాడు. అందుకే సృష్టికర్త అవసరం లేదన్న సాంఖ్యులూ మీమాంసకులూ ఆస్తికుల పంక్తిలో కూర్చున్నారు, జైనులూ బౌద్ధులూ అవతల కూర్చున్నారు. ఇలాంటి మాటలకు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమవైపు ఇంటి అర్థం, కుడివైపు శాస్త్రార్థం. నాది 94 మాటల దాకా వచ్చి ఆగింది. నా ప్రిపరేషన్‌లో బాగా పనికొచ్చిన వస్తువు అదే.

అనుమానం అర్థమైంది మాత్రం పుస్తకంలో కాదు. తప్పిన తర్వాతి ఏప్రిల్‌లో ఒక రైతు తెచ్చిన తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) కొట్టు ముందు దించారు. నాన్న ఒక టిక్కీలోకి చెయ్యి పోనిచ్చి నాలుగు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టి ఊపాడు.

“తేమ ఉంది” అన్నాడు.

“ఎలా చెప్పావు నాన్నా?”

“గింజ మోగడం లేదు కదరా. ఎండిన కాయ ఏదైనా గలగలమంటుంది.”

చేతిలో లెక్కల పుస్తకం ఉంది, దాని అట్ట మీదే రాసుకున్నాను. ప్రతిజ్ఞ: ఈ కాయలో తేమ ఉంది. హేతువు: గింజ మోగనందువల్ల. ఉదాహరణ: మోగని కాయ ఏదైనా తేమగా ఉంటుంది, నిన్నటి లాటులో లాగా. ఉపనయం: ఈ కాయా మోగడం లేదు. నిగమనం: కాబట్టి తేమ ఉంది. న్యాయశాస్త్రం అనుమానానికి చెప్పే ఐదు అవయవాలూ కుదిరాయి. పైగా ‘ఎండిన కాయ ఏదైనా గలగలమంటుంది’ అని నాన్న అన్నది వ్యతిరేక వ్యాప్తి. హేతువు ఉన్నచోటల్లా సాధ్యం, అంటే రుజువు చేయాల్సినది, ఉంటుందన్న నియమం వ్యాప్తి; దాన్ని తిరగేసి చెప్పడం ఇది. తేమ లేనిచోట మోగకపోవడమూ లేదు అని.

నాకు హుషారు వచ్చింది. “గింజ లేని కాయ ఎండినా మోగదుగా?” అన్నాను. అంటే హేతువు ఉంది, సాధ్యం లేదు. సవ్యభిచారం అనే హేత్వాభాస, అంటే దోషమున్న హేతువు.

“అందుకే విరిచి చూస్తాం” అని నాన్న ఒక కాయ విరిచాడు. లోపల గింజ నిండుగా ఉంది, తొడిమ దగ్గర మెత్తగా వంగింది. రైతు మొహం చిన్నబోయింది. నాకు ఆ క్షణంలో రైతు సంగతి తట్టలేదు, హేతువు నిలబడిందన్న సంబరమే. తర్వాత సిగ్గేసింది.

అప్పటి నుంచి చార్వాకుల మీద నాకు గౌరవం కలిగింది. వాళ్లు అడిగేది నేను నాన్నను అడిగిన ప్రశ్నే, ఇంకా లోతుగా. మోగని ప్రతి కాయా తేమదే అని నీకెలా తెలుసు? చూసిన కాయలు చూశావు, చూడనివాటి మాటేమిటి? ప్రత్యక్షం కళ్లముందు ఉన్నదాన్నే పట్టుకుంటుంది. మరో అనుమానంతో తెలుసుకున్నానంటే దానికీ ఒక వ్యాప్తి కావాలి, అది తెగదు. పెద్దలు చెప్పారంటే, పెద్దల మాట నమ్మదగినదని తేల్చుకోవడమూ అనుమానమే. కాబట్టి ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం. ఎంత గట్టి వాదన! దీన్ని వదిలేసి నెయ్యి దగ్గర ఆగిపోయాను నేను.

ఈ డిగ్రీ పరీక్షల గురించి నేను చెప్పదలచుకున్న మాట ఒకటే: పూర్వపక్షం బాగా రాయండి. మన శాస్త్రగ్రంథాల పద్ధతే అది. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం. చార్వాకులు మనకు దొరికేది కూడా ఎక్కువగా వాళ్ల ప్రత్యర్థుల పుస్తకాల్లోనే. పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం మొదలయ్యేదే వాళ్లతో. ఖండించబోయేవాడే అంత శ్రద్ధగా చెప్పినప్పుడు, ఇరవై మార్కుల కోసం రాసే మనం రెండు వాక్యాల్లో కొట్టిపారేస్తే దిద్దేవాళ్లు ఏమనుకోవాలి?

మళ్లీ రాసినప్పుడు 400 పదాలను ఇలా పంచుకున్నాను. సగం కంటే కాస్త తక్కువ పూర్వపక్షానికి. తర్వాత నైయాయికుల (న్యాయదర్శనం వాళ్ల) జవాబు: సాహచర్యం (రెండూ కలిసి ఉండటం) పదేపదే చూడటం, వ్యభిచారం (ఒకటి ఉండి రెండోది లేకపోవడం) కనిపించకపోవడం, తర్కంతో శంకను తోసిపుచ్చడం. వాళ్లలో ఒకడైన ఉదయనుడి మాట తప్పకుండా రాయండి. పొగకు నిప్పు కారణమా అని నిజంగా శంక ఉన్నవాడు పొగ కావాల్సినప్పుడు నిప్పే ఎందుకు తెస్తాడు? నీ పనికీ నీ శంకకూ పొత్తు కుదరని చోట శంక ఆగిపోతుంది అంటాడాయన. చివర 60 పదాలు నా తీర్పు. తీర్పు రాయడానికి భయపడకండి. ఉదయనుడి జవాబు శంకను ఆపుతుంది కానీ వ్యాప్తిని రుజువు చేయదు అని నేను రాశాను. తప్పో ఒప్పో, కారణం చూపించాను. మొత్తం పేపరుకు 63 వచ్చాయి.

పాశ్చాత్యానికి ఇదే పద్ధతి చాలు, ఎక్కువ చెప్పను. తేదీలు బట్టీపట్టే బదులు ఎవరు ఎవరికి జవాబు చెప్తున్నారో గీత గీసుకోండి. 1641లో దెకార్తు అన్నిటినీ శంకించి ‘నేను’ దగ్గర ఆగాడు. కార్యకారణ సంబంధం మనకు కనిపించదు, అలవాటే దాన్ని కల్పిస్తుందని హ్యూమ్ అన్నాడు. తనను నిద్రలేపింది హ్యూమేనని కాంట్ ఒప్పుకున్నాడు, 1781 నాటి గ్రంథం ఆ మెలకువ ఫలితం. హ్యూమ్‌నూ చార్వాకులనూ పోల్చమంటే ఎగిరి గంతేయండి, కానీ ఒకటేనని రాయకండి. అనుమానాన్ని ప్రమాణంగా చార్వాకుడు తోసేస్తాడు. హ్యూమ్ మనం అది మానలేమని చెప్పి, ఎందుకు మానలేమో వివరిస్తాడు. తర్కం పేపరు ఎంపీసీ వాళ్లకు వరం. సత్యపట్టికలకు (ట్రూత్ టేబుల్స్) నూటికి నూరు వేయకుండా ఉండలేరు. ‘వాన పడితే రోడ్డు తడుస్తుంది, రోడ్డు తడిసింది, కాబట్టి వాన పడింది’ అనే దోషం దగ్గర మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరును తలచుకోండి, ఇక మరచిపోరు.

పుస్తకాల విషయం. రాధాకృష్ణన్ రెండు సంపుటాలతో మొదలుపెట్టాను, అది నా రెండో పొరపాటు. గొప్ప వచనం, కానీ ఆ ఊపులో మనమూ ఉపన్యాసం రాయడం మొదలుపెడతాం. (ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే. ఆయన ఉపకులపతిగా వచ్చేసరికి అది వాల్తేరు వెళ్లిపోయింది. ఇక్కడే ఉండి ఉంటే మాకు ఇంకొన్ని మంచి పుస్తకాలు మిగిలేవేమో!) పరీక్షకు ఛటర్జీ, దత్తా కలిసి రాసిన పరిచయ గ్రంథం, తర్కానికి ఇర్వింగ్ కోపీ పుస్తకం, వాటితోపాటు విశ్వవిద్యాలయం ఇచ్చిన పాఠాలు చాలు. అన్నంభట్టు తర్కసంగ్రహం తెలుగు తాత్పర్యంతో దొరికితే వదలకండి, పట్టుమని పాతిక పేజీలు కూడా ఉండని మూలం. పాత పుస్తకాల కోసం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, మిగతా రోజుల్లో ఏలూరు రోడ్డు.

పరీక్ష కేంద్రం విజయవాడలో పడింది. గుంటూరు నుంచి బస్సులో గంట ప్రయాణం. దారిలో విశ్వవిద్యాలయం స్టాపు రాగానే కండక్టరు “నాగార్జునా, నాగార్జునా, దిగాలి” అని అరుస్తాడు. సరిగ్గా అప్పుడు నా ఒళ్లో బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి మూలమధ్యమక కారిక మీద రాసుకున్న కాగితాలు ఉన్నాయి. శూన్యం అంటే ఏమీ లేకపోవడం కాదు, ఏదీ తనంతట తానుగా లేకపోవడం, దేన్నో ఆధారం చేసుకునే పుట్టడం అని మూడోసారి చదువుకుంటున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ తొంగిచూసి “ఏం పరీక్ష నాయనా?” అంది. ఫిలాసఫీ అంటే అర్థం కాదేమోనని “తత్వం అమ్మా” అన్నాను. “మంచిది, మా ఆయన కూడా తత్వాలు పాడేవాడు” అంది. ఆ పేపర్లో శూన్యవాదం వచ్చింది.

చదివే వేళల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: సీజన్‌లో రాత్రి రెండు గంటలకు మించి కుదరలేదు. జూన్ పరీక్షలకు మే నెలలో యార్డుకు ఇచ్చే వేసవి సెలవులే నన్ను కాపాడాయి. ఆ రోజుల్లో రోజుకొక పాత ప్రశ్నపత్రం, గడియారం పెట్టుకుని, చేత్తో. ఫోనులో పాఠాలు వినడం చదవడం కాదు, వేళ్లకు నొప్పి రావాలి.

డిగ్రీ తర్వాత దారుల గురించి నాకు తెలిసినంతే. సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఐచ్ఛికం రెండు పేపర్లు, చెరో 250 మార్కులు. జవాబులు తెలుగులో రాయవచ్చు, ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. నా నోటుబుక్కు లాంటిది అక్కడ ఇంకా అవసరం. లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్‌లో రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు కోత లేదు. నేను ప్రస్తుతం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ కోసం సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్షకు చదువుతున్నాను. అందులో 75 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. పొద్దున యార్డుకు వెళ్తూనే ఉన్నాను. కొట్లో ఎవరైనా అడిగితే నాన్న ఇప్పటికీ “మావాడు వేదాంతం చదివాడు” అనే చెప్తాడు. నేను చదివినవాటిలో అదీ ఒకటే కాబట్టి కాదనలేకపోతున్నాను.