"ఒక్క పేపర్ని మూడేళ్లు చదివావా?"

నా డిగ్రీ ఇక్కడ పీజీకి చెల్లుతుందని ఇచ్చే ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మాది సోంపేట దగ్గర పల్లె. వేరే రాష్ట్రంలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌లో (ఈవీఎస్) డిగ్రీ చేశాను. పీజీకి అప్లికేషన్, ఫీజు ఒక్క పూటలో అయిపోయాయి. వెరిఫికేషన్ దగ్గర మాత్రం మూడుసార్లు తిప్పారు. తెల్లారకముందే రైలెక్కడం, ఆమదాలవలసలో దిగి ఆటోలో శ్రీకాకుళం వెళ్లడం, ఉత్త చేతులతో తిరిగి రావడం.

మొదటిరోజు కౌంటర్లో ఆయన నా మెమో మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లారు. కెమిస్ట్రీ, ఎకాలజీ దాటింది. ఎకనామిక్స్ దగ్గర ఆగిపోయింది. దాని కింద పర్యావరణ చట్టాలు, సోషియాలజీ.

"ఏటమ్మా ఈ కలగూరగంప? నువ్వు బీఎస్సీయా, బీఏయా?"

చెప్పబోయాను. "ఓ, ఈవీఎస్సా! మా అబ్బాయి బీకామ్‌లో రాశాడులే. ఆ ఒక్క పేపర్ని మూడేళ్లు చదివావా?" అన్నారు. వెనక లైన్లో వాళ్లు పకపకా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించబట్టే ఏ డిగ్రీ వాళ్లకైనా ఆ ఈవీఎస్ పేపరు వచ్చింది. పరీక్ష ముందురోజు చదివి, రాసి మర్చిపోతారు. మా డిగ్రీ కూడా అదే అనుకుంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో పనా? ఏ ఒక్క సబ్జెక్టు వాళ్లకి అప్పగిస్తారు దాన్ని? 2010లో సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎదురుతిరిగితే కాల్పుల్లో మనుషులు పోయారు. అక్కడ చేపలూ, పొలాలూ, చట్టమూ అన్నీ కలిసే ఉన్నాయి కదా! ఈ మాటలన్నీ తిరుగు రైల్లో, పలాస దాటాక గుర్తొచ్చాయి. కౌంటర్ దగ్గర మాత్రం "బీఎస్సీయే సార్" అని గొణిగాను. తొంభైకి దగ్గరగా మార్కులు తెచ్చుకున్నదాన్ని!

నా డిగ్రీలో సైన్సు ఎంతో కాలేజీ వాళ్లు రాసివ్వాలన్నారు. కొరియర్లో తెప్పించి పట్టుకెళ్తే, సిలబస్‌లో ప్రతి పేజీకీ స్టాంపు లేదని వెనక్కి పంపారు. ఆ మాట మొదటిరోజే చెప్తే ఏం పోయింది?

ఇలాంటి డిగ్రీ చదివేవాళ్లు టీసీ తీసుకునే రోజే సిలబస్ మొత్తానికి స్టాంపులు వేయించుకోండి. ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. "తర్వాత పంపిస్తాంలే" అంటే అస్సలు నమ్మొద్దు. ఏ కాగితాలు కావాలో కౌంటర్లో కాదు, బయట జిరాక్స్ షాపులో అడగండి. స్టాంపుల సంగతి ఆ షాపాయన మొదటిరోజే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు.

నిన్న సర్టిఫికెట్ ఇచ్చారు కదా అని సంతకం పెట్టి వచ్చేయబోయాను. ఎందుకో ఓసారి చదివితే "స్టడీస్" ఉండాల్సిన చోట "సైన్స్" అని కొట్టారు. "రెండూ ఒకటేలేమ్మా" అన్నారాయన. కాదని అక్కడే నిలబడ్డాను. మళ్లీ టైపు కొట్టించి ఇచ్చేసరికి నా రైలు వెళ్లిపోయింది. కాంప్లెక్స్‌కి వెళ్లి బస్సెక్కాను.