షరతుల్లేని సమ్మె

అమెరికా హైస్కూలు పిల్లలు ఒకరితో ఒకరు తలపడే లింకన్-డగ్లస్ డిబేట్‌లో అనుకూల పక్షానికి అసలు గండం రెండో ప్రసంగం. అవతలివాళ్లు ఏడు నిమిషాలు దంచినదానికంతా నాలుగు నిమిషాల్లో జవాబు చెప్పుకోవాలి. మా అమ్మాయి ప్రతిసారీ అక్కడే తడబడేది.

2021 నవంబరు, డిసెంబరు నెలల తీర్మానం ఇది: న్యాయమైన ప్రభుత్వం కార్మికులకు షరతుల్లేని సమ్మె హక్కును గుర్తించాలి. ఏ రౌండులో ఏ పక్షం పడుతుందో తెలియదు కాబట్టి రెండువైపులా కేసు రాసి పెట్టుకోవాలి. టెక్సాస్‌లో మా డైనింగ్ టేబుల్ మీద ఆ రెండు నెలలూ కంచం పెట్టే చోటు లేదు. అన్నీ ఫ్లో కాగితాలే, అంటే రెండు పక్షాల వాదనలూ వరసగా రాసుకునేవి. నిలువు గీతల మధ్య అనుకూలం నీలం పెన్నుతో, ప్రతికూలం ఎర్ర పెన్నుతో.

అనుకూలం కేసు తొందరగానే తయారైంది. 1981లో సమ్మెకు దిగిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను అమెరికా అధ్యక్షుడు రీగన్ 11 వేల మందికి పైగా తీసేసిన సంగతి అందులో పెట్టింది. చిక్కంతా 'షరతుల్లేని' దగ్గరే. కరోనా రోజులాయె, నర్సులంతా ఐసీయూ వదిలేసి పోతే ఎట్లా అని ఎవరైనా అడిగేవాళ్లే. మొదటి పోటీలో రెండు రౌండ్లు ఆ ప్రశ్నకే పోయాయి. "మరీ అంత షరతుల్లేకుండా అని కాదు అని చెప్పు" అన్నాను. నా వైపు జాలిగా చూసింది.

ఆ ఆదివారం బాపు వీడియో కాల్‌లోకి వచ్చాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మనిషి. 2011 సకల జనుల సమ్మెలో ఉన్నవాడు.

"తాతా, మీరందరూ పని బంద్ చేస్తే గని ఏం కావాలి?"

"అందరం యాడ బంద్ చేసినం బిడ్డా? పంపుల కాడోళ్లు, ఫ్యాన్ల కాడోళ్లు డ్యూటీకి పోయేటోళ్లే. నీళ్లు తోడకుంటె బాయి మునుగుతది. రేపు మళ్ల దిగేది మేమే గద."

"ప్రభుత్వం పొమ్మందా?"

"సర్కారెందుకంటది? మా యూనియనోళ్లే అన్నరు."

ఆమె నీలం పెన్ను తీసి గబగబా రాసింది: ప్రభుత్వం షరతు పెట్టనక్కర్లేదు, కార్మికులే పెట్టుకుంటారు. చదివి టైమర్ చూస్తే ఇరవై సెకన్లు. నాలుగు నిమిషాల్లో సరిగ్గా ఇమిడింది. తాత చెప్పాడంటే జడ్జి ఎవిడెన్స్‌గా తీసుకోరట, అందుకని వట్టి తర్కంగానే వాడింది.

తర్వాతి పోటీలో ప్రతికూలం పడింది. ఎదుటి పిల్లాడు దాదాపు తాత మాటే అన్నాడట. "మరి యూనియన్ మాట కొందరు వినకపోతే?" అని అడిగి గెలిచింది. తన తాత మీదే గెలిచినట్టయింది కాబట్టి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పుకుంది.

బాపు కాసేపు నవ్వాడు. "ఇనకపోవుడు గూడ ఒకసారైంది బిడ్డా..." అని మొదలుపెట్టాడు.

ఆమె ఎర్ర పెన్ను కోసం వెతుక్కుంటోంది.